పరుగెత్తే పిల్లకు ఇనుము చాలుతోందా?

2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచాక ఆ చుట్టుపక్కల ఆడపిల్లలకు కొత్త ఆశలు చిగురించాయి. అక్కడ కాపలా కాసే సి.ఐ.ఎస్.ఎఫ్.లో కానిస్టేబుల్ కావాలంటే 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. అందుకని తెల్లవారకముందే లేచి సాధన చేస్తారు. కొన్నాళ్ళకు ఆయాసం, తలనొప్పి, కాళ్ళ పీకుళ్ళు. మనమేమో "రాత్రంతా ఫోను చూస్తే ఇంతే" అని కసురుతాం.

ఒంట్లో ఇనుము తగ్గిందేమో చూడాలి కదండీ! నెలసరిలో మామూలుగా 30, 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. మిల్లీలీటరుకు సుమారు అర మిల్లీగ్రాము ఇనుము దాంతోనే పోతుంది. 80 దాటితే అధిక స్రావం. కొలిచేదెట్లా అంటారా? గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చవలసి వచ్చినా, పెద్ద గడ్డలు పడినా, ఏడు రోజులు దాటినా డాక్టరమ్మకు చూపించండి. "మా ఇంట్లో అందరికీ ఇంతే" అని సరిపెట్టకండి. దీనికి పరుగు తోడు. అరికాలు నేలకు తగిలే తాకిడికి కొన్ని ఎర్రకణాలు చితుకుతాయి, చెమటలో కొంచెం పోతుంది. పైగా గట్టి వ్యాయామం తర్వాత కొన్ని గంటలు పేగు ఇనుమును సరిగా పీల్చుకోదు.

హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి ఇదుంది. అయితే 12 ఉందని నిశ్చింతగా ఉండకండి. డబ్బాలో బియ్యం అడుగంటినా ఆ పూటకు అన్నం వండుతాం కదా! అలాగే ముందు నిల్వ ఖాళీ అవుతుంది, హిమోగ్లోబిన్ తర్వాత పడుతుంది. నిల్వ తెలిపేది ఫెరిటిన్ పరీక్ష. అడిగి చేయించండి.

సన్నబడాలని తిండి తగ్గించి పరుగెత్తే పిల్లకు మూడు నెలలు బహిష్టు రాకపోతే, "హమ్మయ్య, బాధ తప్పింది" అనుకుంటుంది. తిండి చాలక ఒళ్ళు ఆ పని మానుకుని ఉండవచ్చు. అలాగే సాగితే ఎముకలూ గుల్లబారతాయి. కారణమేదో డాక్టరే తేల్చాలి.

ఇక వంటింటి సంగతి. బీట్‌రూట్ రంగు చూసి మోసపోకండి, అందులో ఇనుము స్వల్పం. ఉలవలు, సజ్జలు, తోటకూర నయం. చారుకు ఉడికించిన ఉలవలు పశువులకు వెయ్యక గుగ్గిళ్ళు చెయ్యండి. తినేవారైతే మేక కార్జం మంచిది. పప్పు దించాక నిమ్మకాయ పిండితే ఇనుము బాగా వంటబడుతుంది. భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా టీ వద్దు. ఇరానీ చాయ్ ఊళ్ళో ఈ మాట చెప్పడం కష్టమేననుకోండి!

డాక్టరు ఇనుము మాత్రలిస్తే మలం నల్లగా వస్తుంది, బెదిరి మానకండి. వికారమైతే భోంచేశాక వేసుకోమనండి. హిమోగ్లోబిన్ సరి అయ్యాక కూడా, నిల్వ నిండడానికి మరో మూడు నెలలు వాడమనడం మామూలే.