తెరపై అంకెలు తేటగా కనిపించాలి
(సంఘ కార్యదర్శులకు, పాల పరీక్షకులకు సూచనలు)

మన సంఘాలలో చాలాచోట్ల పాల సేకరణ లెక్కలు ఇప్పుడు కంప్యూటరులోనే జరుగుతున్నాయి. సభ్యుని నంబరు, పాల తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., రావలసిన పైకం అన్నీ తెరపైనే చూస్తాము. ఆ తెర మసకగా ఉంటే 6, 8 అంకెలు ఒకే మాదిరిగా కనిపిస్తాయి. 136వ నంబరు సభ్యుని పాలు 138వ నంబరు ఖాతాలో పడడానికి అంతమాత్రం చాలు. వెన్న శాతాన్ని చేతితో కొట్టే కేంద్రాలలో 5.8కి బదులు 5.6 పడి, తెరపై ఎవరూ గమనించకపోతే, 10 కిలోల పాలకు 20 గ్రాముల వెన్న తగ్గుతుంది. కిలో వెన్నకు 800 రూపాయల చొప్పున లెక్క కట్టినా, రైతుకు ఒక్క పూటకే 16 రూపాయల నష్టం. కాబట్టి ఈ క్రింది విషయాలను వరుసగా సరిచూచుకోవాలి.

1. వెలుతురు: కిటికీకి గాని తలుపుకు గాని ఎదురుగా తెరను ఉంచరాదు. ఎండ పడి అంకెలు వెలవెలబోతాయి. వెలుతురు ప్రక్కనుంచి వచ్చేటట్లు బల్లను తిప్పుకోవాలి.

2. శుభ్రం: మానిటరును ఆపి, మెత్తని పొడి గుడ్డతో తుడవాలి. తెరపై నీళ్ళు చల్లరాదు. పాల చేతులతో తాకరాదు.

3. రిజల్యూషన్: బొమ్మ తెరపై చిన్న చిన్న చుక్కలుగా ఏర్పడుతుంది. ప్రతి మానిటరుకు ఈ చుక్కల సంఖ్య తయారీలోనే నిర్ణయమై ఉంటుంది. కొన్నింటికి 1366×768, మరికొన్నింటికి 1920×1080. కంప్యూటరు వేరే సంఖ్యలో బొమ్మను పంపితే అంచులు అలుక్కుపోతాయి. విండోస్ కంప్యూటరులో ఖాళీ తెరపై మౌసు కుడి మీట నొక్కి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'రికమెండెడ్' అని వ్రాసి ఉన్న రిజల్యూషన్‌ను ఎన్నుకోవాలి.

4. అక్షరాల సైజు: అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని రిజల్యూషన్‌ను తగ్గించడం సరికాదు. అక్కడే ఉండే 'స్కేల్'ను 125 లేక 150 శాతానికి పెంచితే అక్షరాలు పెద్దవవుతాయి, స్పష్టత తగ్గదు. తరువాత పాల లెక్కల ప్రోగ్రాము తెరిచి, మీటలన్నీ తెరలో ఇమిడాయో లేదో చూడాలి.

5. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్: వీటికి మానిటరుకే మీటలు ఉంటాయి. తెల్లకాగితాన్ని తెర ప్రక్కన పట్టి చూడండి. తెర దీపంలా మెరుస్తుంటే బ్రైట్‌నెస్ తగ్గించాలి. బూడిదరంగుగా ఉంటే పెంచాలి. కాంట్రాస్ట్ మితిమీరితే లేత రంగు గీతలు మాయమవుతాయి. ఉదయం, సాయంత్రం వెలుతురు వేరు గనుక రెండు పూటలా చూచుకోవడం మంచిది.

6. తీగ: బొమ్మ వణికినా, రంగు మారినా ముందుగా మానిటరు తీగ రెండు కొసలూ బిగించాలి. మూడు వరుసల సూదులుండే వి.జి.ఎ. తీగ అయితే, మానిటరుపై 'ఆటో' మీట నొక్కితే ప్రక్కకు జరిగిన బొమ్మ సర్దుకుంటుంది.

అన్నీ అయిన తరువాత 3, 5, 6, 8, 9, 0 అంకెలను వరుసగా కొట్టి, కూర్చునే చోటినుంచే చదవండి. కిటికీ అవతల నిలబడిన రైతుకు కూడా తెర కనిపించే ఏర్పాటుంటే, అక్కడినుంచి మరొకరిచేత చదివించండి. ఇద్దరికీ తడుముకోకుండా కనిపిస్తేనే తెర సరిగా ఉన్నట్లు. ఆ పైన కూడా అనుమానం వస్తే, చీటీ ఇచ్చే ముందే సభ్యుని నంబరును పైకి చదివి సరిచూచుకోవాలి.