పట్నం పక్కన పంచాయతీ



మా ముదిగుబ్బ వైపు నుంచి పిల్లల చదువుల కోసం అనంతపురం చేరే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊరి నడుమ కొనే స్తోమత లేక, అంచున కాస్త చవకగా దొరికిన స్థలంలో ఇల్లు వేసుకుంటారు. అడిగితే "అనంతపురంలో ఉంటున్నాం" అంటారు. ఇంటిపన్ను రసీదు చూస్తే పాపంపేట అనో, నారాయణపురం అనో, కక్కలపల్లి అనో పంచాయతీ పేరుంటుంది.

ఇలాంటి ఊళ్లను జనాభా లెక్కలవాళ్లు 'సెన్సస్ టౌన్' అంటారు. కనీసం 5,000 మంది జనం, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవారిలో నూటికి 75 మంది సేద్యం కాని పనుల్లో ఉండాలి. అప్పుడు లెక్కలో అది పట్నమే, పాలనలో మాత్రం పంచాయతీ!

ఫ్రాన్సులోనూ సంత జరిగే పెద్ద ఊరి పక్కన, ఇళ్లు తప్ప పెద్దగా అంగళ్లు లేని చిన్న ఊళ్లుంటాయి. అలాంటి ప్రతి ఊరూ ఒక 'కొమ్యూన్'. దేశంలో సుమారు 35,000 ఉన్నాయి. మన యానాం కూడా ఫ్రెంచివారి కాలంలో 1880 నుంచి కొమ్యూనే. ఎంత చిన్నదైనా దానికి ఎన్నికైన సభ్యులు, మేయరు ఉంటారు. సరుకులకూ డాక్టరుకూ పక్క పట్నం పోతారు, చెత్త ఎత్తడం వంటి పనులు చుట్టుపక్కల ఊళ్లతో కలిసి చేయించుకుంటారు, కానీ ఊరి పెత్తనం వదులుకోరు. అక్కడి ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది 1944లో. మొదటిసారి ఓటు వేసింది 1945లో, ఈ ఊరి ఎన్నికల్లోనే.

మరి మన సంగతి? కొళాయి రాకపోతే కార్పొరేషన్ ఆఫీసుకు పోతాం. "మీది మా పరిధి కాదమ్మా" అంటారు. పంచాయతీకి పోతే మన ముఖం ఎవరికీ తెలియదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే సీమలో బిందెడు నీళ్లంటే చిన్న విషయమా?

తాగునీరు, వీధి దీపం, మురుగు కాలువ ముందుగా అడగాల్సింది పంచాయతీనే. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులే. చిక్కంతా ఇక్కడే ఉంది. చాలామంది ఇల్లు ఇక్కడ, ఓటు సొంత ఊళ్లో. ఓటు లేని వీధి మాట ఎవరికి పడుతుంది చెప్పండి? ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్లవే. ఓటు మార్పించుకుంటే అడగడమే కాదు, పోటీకీ నిలబడొచ్చు.

"కార్పొరేషన్‌లో కలిపేస్తే పోదా" అనేవారూ ఉన్నారు. కలిస్తే పెద్ద పైపులు రావచ్చు. పన్నూ పెరగవచ్చు. పల్లెలకే వర్తించే ఉపాధి పనులు కూలి అక్కచెల్లెళ్లకు పోతాయి. వీధి చివర దొరికే సర్పంచికి బదులు దూరపు ఆఫీసు మెట్లెక్కాలి. లాభమో నష్టమో మగవాళ్లు రచ్చబండ దగ్గర తేల్చేసి చెప్పేదాకా ఆగకుండా, గ్రామసభకు వెళ్లి మనమే అడగాలి.

ఈ వారం ఇంటిపన్ను రసీదు తీసి, అందులో ఏ ఊరి పేరుందో చదవండి. ఓటు ఎక్కడుందో కూడా చూసుకోండి. రెండూ ఒకే ఊళ్లో ఉంటేనే మన మాటకు బలం. సెలవు.