పాత దేశం ఎన్‌వోసీ

2003 ఆగస్టులో పారిస్‌లో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. మూడు వేల మీటర్ల స్టీపుల్‌చేజ్ అంటే 28 అడ్డుకర్రలు, 7 నీటి గుంటలు దాటుకుంటూ పరుగెత్తడం. ఈ పందెంలో ఏళ్ల తరబడి కెన్యా వాళ్లదే రాజ్యం. ఆ రోజు ఫైనల్లోనూ మొదట గీత దాటింది కెన్యాలో పుట్టినవాడే. కాని ఒంటి మీద ఉన్నది ఖతార్ జెర్సీ. కొన్ని వారాల కిందటి వరకు అతను స్టీఫెన్ చెరోనో. ఇప్పుడు సైఫ్ సయీద్ షహీన్. రెండో స్థానంలో వచ్చిన ఎజెకియల్ కెంబోయ్ కెన్యా వాడు. తోడబుట్టిన అబ్రహాం చెరోనో కూడా అదే పందెంలో కెన్యా తరఫునే పరుగెత్తాడు. పెద్దన్న క్రిస్టఫర్ కొస్గెయ్ 1999లో ఇదే టైటిల్‌ను కెన్యాకు గెలిచిపెట్టినవాడు. తమ్ముడు గెలిచినా అన్నదమ్ముల ముఖాల్లో సంతోషం లేదని అప్పటి పత్రికలు రాశాయి. ఖతార్ అతనికి జీవితాంతం నెలకు వెయ్యి డాలర్లు ఇస్తానందని కూడా రాశాయి.

అంత మంచి రన్నర్ దేశం ఎందుకు మారాడు? డబ్బు ఒక కారణం. రెండో కారణం అంకెల్లో ఉంది. ఒలింపిక్స్‌లో ఒక్కో పందేనికి ఒక్కో దేశం నుంచి ముగ్గురినే పంపాలి. 1968 నుంచి 2016 వరకు కెన్యా పాల్గొన్న ప్రతి ఒలింపిక్స్‌లోనూ పురుషుల స్టీపుల్‌చేజ్ స్వర్ణం ఆ దేశానిదే. అలాంటి చోట సెలెక్షన్ పందెంలో నాలుగో స్థానంలో వచ్చినవాడు ప్రపంచంలో నాలుగోవాడే అయినా ఇంట్లో కూర్చుని టీవీ చూడాల్సిందే. చైనా టేబుల్ టెన్నిస్‌దీ ఇదే కథ. 2008 బీజింగ్‌లో సింగపూర్ మహిళల జట్టు రజతం గెలిచింది. 1960 తర్వాత ఆ దేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం. ఆ జట్టులోని ముగ్గురూ చైనాలో పుట్టినవాళ్లే, ఫైనల్లో ఓడిందీ చైనా చేతిలోనే.

మారడం అంటే పాస్‌పోర్టు చేతికి వస్తే సరిపోదు. తెలంగాణ రిజిస్ట్రేషన్ ఉన్న కారును ఆంధ్రాకు మార్చుకోవాలంటే పాత ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోమంటారు కదా, ఒలింపిక్స్ నిబంధన కూడా దాదాపు అంతే. ఒక దేశం తరఫున ఆడినవాడు మరో దేశం తరఫున ఒలింపిక్స్‌లో దిగాలంటే మూడేళ్లు ఆగాలి. ఆ గడువు తగ్గాలంటే పాత దేశపు ఒలింపిక్ సంఘం కూడా ఒప్పుకోవాలి. కొత్త దేశం ఎంత ధనికమైనదైనా, ఆటగాడు ఎంత గొప్పవాడైనా ఆ సంతకం లేనిదే కుదరదు. దేశం మారిన ఆటగాళ్ల గురించి వాదించుకునేవాళ్లు దేశభక్తి గురించి, డబ్బు గురించి చాలా మాట్లాడతారు. ఈ సంతకాన్ని మాత్రం పెద్దగా పట్టించుకోరు.

2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో చెరోనో కెన్యాకు స్వర్ణం తెచ్చాడు. అందువల్ల 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ నాటికి మూడేళ్లు నిండలేదు. కెన్యా సంతకం పెట్టలేదు. ఏథెన్స్ స్టీపుల్‌చేజ్‌లో మూడు పతకాలూ కెన్యాకే వచ్చాయి, స్వర్ణం కెంబోయ్‌ది. ఆ ఫైనల్ జరిగి రెండు వారాలైనా కాకముందే బ్రసెల్స్‌లో షహీన్ 7 నిమిషాల 53.63 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. దాన్ని 2023లో ఇథియోపియాకు చెందిన లామెచా గిర్మా చెరిపేసేదాకా, అంటే దాదాపు 19 ఏళ్లపాటు, ఎవరూ అందుకోలేకపోయారు. 2005లో షహీన్ మళ్లీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత గాయాలు వెంటాడాయి. ఒలింపిక్స్‌లో ఒక్కసారీ పరుగెత్తలేదు. అడగకుండా వెళ్లిపోయిన కొడుక్కి ఇల్లు వేసిన శిక్షగా చాలామంది దీన్ని చూశారు. శిక్ష అయితే నిజమే. కాని దాన్ని మోసింది ఖతార్ కాదు, షహీన్ ఒక్కడే.

సంతకం పెట్టిన దేశం కథ ఇంకో రకం.

వెయిట్‌లిఫ్టర్ నయీం సులేమానోగ్లు 1967లో బల్గేరియాలో, టర్కిష్ కుటుంబంలో, ఒక గని కార్మికుడి కొడుకుగా పుట్టాడు. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. టీనేజీలోనే ప్రపంచ రికార్డు ఎత్తాడు. 1980లలో బల్గేరియా కమ్యూనిస్టు ప్రభుత్వం దేశంలోని టర్కిష్ జనం పేర్లను బలవంతంగా మార్చింది. ప్రపంచ చాంపియన్ అయినా ఇతన్ని వదల్లేదు, నౌమ్ షలమనోవ్‌ను చేసింది. 1986 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ప్రపంచ కప్ పోటీలయ్యాక అతను జట్టు కళ్లుగప్పి మాయమయ్యాడు. టర్కీ ప్రధాని తుర్గుత్ ఒజాల్ అతని కోసం లండన్‌కు విమానం పంపాడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌కు మూడేళ్ల గడువు అడ్డొచ్చింది. టర్కీ పది లక్షల డాలర్లకు పైగా చెల్లించిందని చెబుతారు. బల్గేరియా సంతకం పెట్టింది.

సియోల్‌లో 60 కిలోల విభాగంలో అతను స్నాచ్‌లో 152.5, క్లీన్ అండ్ జెర్క్‌లో 190, మొత్తం 342.5 కిలోలు ఎత్తాడు. క్లీన్ అండ్ జెర్క్‌లో ఎత్తిన బరువు తన బరువుకు మూడు రెట్ల పైమాటే. పైనున్న 67.5 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచినవాడు ఎత్తిన మొత్తం 340 కిలోలు! టర్కీకి 20 ఏళ్ల తర్వాత వచ్చిన ఒలింపిక్ స్వర్ణమది. పేర్లు లాక్కున్న ఆ దేశం నుంచి మరుసటి ఏడాది వేసవిలో 3 లక్షలకు పైగా బల్గేరియా టర్కులు సరిహద్దు దాటి టర్కీకి వలస వెళ్లారు. తర్వాత 1992, 1996 ఒలింపిక్స్‌లోనూ స్వర్ణాలు సులేమానోగ్లువే.

సియోల్ గెలుపును కొనుగోలు అన్నవాళ్లు తక్కువ. సొంతవాళ్ల దగ్గరికి వెళ్లాడనే అన్నారు. సరే, కాని డబ్బు ఇక్కడా చేతులు మారింది కదా. పేరు లాక్కున్న ప్రభుత్వమే ఆ పేరున్న మనిషిని వదిలినందుకు సొమ్ము తీసుకుంది. ఆ తర్వాత బల్గేరియాకు ఈ బేరం అలవాటైనట్టుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు ఆ దేశపు లిఫ్టర్లు కొందరు ఖతార్‌కు మారారు. వారిలో ఏంజెల్ పొపోవ్ అనే అతను సయీద్ సైఫ్ అసద్ పేరుతో సిడ్నీలో కాంస్యం గెలిచాడు. సులేమానోగ్లును పొగిడి షహీన్‌ను తిట్టేవాళ్లు ఈ రెండు బేరాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

గడువు ఎలాగూ గడిచిపోతే సంతకంతో పనే లేదు. దక్షిణ కొరియా షార్ట్ ట్రాక్ స్కేటర్ ఆన్ హ్యోన్-సూ 2006 టొరినోలో మూడు స్వర్ణాలు గెలిచాడు. 2008లో మోకాలు దెబ్బతింది, 2010 జట్టులో చోటు దక్కలేదు. కొరియా స్కేటింగ్‌లో ముఠా తగాదాలు జగమెరిగినవే. 2011లో రష్యా పౌరుడయ్యాడు. కొరియా మూలాలున్న సోవియట్ రాక్ గాయకుడు విక్టర్ త్సోయ్ పేరు తీసుకుని విక్టర్ ఆన్ అయ్యాడు. 2014 సోచిలో రష్యాకు మూడు స్వర్ణాలు తెచ్చాడు. వెయ్యి మీటర్లలో అతని వెనకే రజతం గెలిచిన వ్లదీమిర్ గ్రిగొరియెవ్ ఉక్రెయిన్‌లో పుట్టి, ఆ దేశం తరఫునే రెండు ఒలింపిక్స్ ఆడి వచ్చినవాడు. సోచిలో మోగిన చప్పట్లలో ఈ సంగతి ఎంతమందికి గుర్తుందో! కొరియా పురుషులు ఆ ఒలింపిక్స్‌లో ఒక్క షార్ట్ ట్రాక్ పతకమూ గెలవలేదు. కొరియా జనం కోపం మాత్రం ఆన్ మీద కాదు, సొంత స్కేటింగ్ సంఘం మీదే. అప్పటి దేశాధ్యక్షురాలు పార్క్ గెన్-హే కూడా అతను వెళ్లిపోవడానికి సంఘంలోని లోపాలే కారణమా అని బహిరంగంగా అడిగారు.

అథ్లెటిక్స్‌లో ఈ మార్పిడి మరీ శ్రుతిమించడంతో అంతర్జాతీయ సమాఖ్య 2017లో దేశం మారడాన్ని పూర్తిగా ఆపేసింది. 2018లో కొత్త నియమాలతో మళ్లీ తలుపు తీసింది. మూడేళ్లు ఆగాలి, వయసు కనీసం 20 ఉండాలి, జీవితంలో ఒక్కసారే మారవచ్చు. వయసు నియమం అన్నిటికన్నా అవసరమైనది. పల్లెటూరి పిల్లవాడిని పదహారేళ్లకే ఎవరో వచ్చి కొత్త పేరుతో పట్టుకుపోవడాన్ని ఆపేది అదే.

ఈ నియమాలేవీ తాకని వాళ్లూ ఉన్నారు. 15 ఏళ్లకు ఇథియోపియా నుంచి శరణార్థిగా నెదర్లాండ్స్ చేరిన సిఫాన్ హసన్ 2024 పారిస్‌లో మారథాన్ స్వర్ణం గెలిచింది. ఆమె ఏ పాత జెర్సీనీ విప్పలేదు, విప్పడానికి ముందు తొడుక్కోనే లేదు.

మనవాళ్లలో దేశం మారి ఆడినవాళ్లు చాలావరకు ఇలా పాత దేశపు సీనియర్ జెర్సీ తొడుక్కోనివాళ్లే. కర్నూలులో పుట్టిన లెగ్ స్పిన్నర్ తరుణ్ నేతుల 2012లో న్యూజిలాండ్ తరఫున వన్డేలు ఆడాడు. 2011లో అస్సాంపై ఒకే మ్యాచ్‌లో 14 మందిని ఔట్ చేయడంలో చేయివేసి ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ప్రపంచ రికార్డు సృష్టించిన హైదరాబాద్ వికెట్ కీపర్ ఇబ్రహీం ఖలీల్ తర్వాత అమెరికా జట్టుకు ఆడాడు. ముంబైలో పుట్టి, అండర్-19 ప్రపంచ కప్‌లో భారత్‌కు ఆడిన సౌరభ్ నేత్రావల్కర్ 2024 టీ20 ప్రపంచ కప్‌లో అమెరికాకు సూపర్ ఓవర్ వేసి పాకిస్తాన్‌ను ఓడించాడు. తర్వాతి మ్యాచ్‌లో కోహ్లీని తొలి బంతికే పెవిలియన్‌కు పంపాడు. అప్పటికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న మనిషి అతను.

మన దేశంలోకి రావడమే కష్టం. భారత్ ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. భారత పౌరులే దేశానికి ఆడాలని క్రీడల శాఖ 2008లో తేల్చింది. దాంతో విదేశాల్లో పెరిగిన భారత సంతతి ఆటగాళ్లకు ఉన్న దారి ఒక్కటే, పాత పాస్‌పోర్టు వదులుకోవడం. తండ్రి భారతీయుడైన అరాటా ఇజుమి జపాన్ పౌరసత్వం వదులుకుని 2013లో భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆడాడు. బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు ర్యాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వం వదిలి 2025 నవంబరులో భారతీయుడయ్యాడు. అతను అంతకుముందు ఆస్ట్రేలియా సీనియర్ జట్టుకు ఒక మ్యాచ్ ఆడి ఉన్నాడు. ఆసియా కప్ అర్హత మ్యాచ్ కోసం భారత జట్టుతో ఢాకా వెళ్లాడు. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ సమాఖ్య నుంచి ఎన్‌వోసీ అప్పటికి రాలేదు. అతను ఆడలేదు, బంగ్లాదేశ్ 1-0తో గెలిచింది.