బోణీ బేరం వియత్నాంలోనూ ఉంది

కొట్టు తెరవగానే వచ్చిన మొదటి మనిషి ఏమీ కొనకుండా వెళ్లిపోతే మన బజార్లో మొహం ముడుచుకుని ఊరుకుంటారు. వియత్నాం సంతలో కొందరు అంతటితో ఊరుకోరు. చిన్న కాగితం ముక్క వెలిగించి, ఆ మంటను సరుకు చుట్టూ తిప్పి, పట్టిన పీడ వదిలిస్తారు. వాళ్లు ‘మో హాంగ్’ అనేది అచ్చంగా మన బోణీయే. ఆకుకూరల గంప ముందు కూర్చున్న అవ్వ దగ్గర్నుంచి బట్టల కొట్టు దాకా ఈ పట్టింపు ఉంది. కాబట్టి తెల్లవారుతూనే వెళ్లి, నాలుగు ధరలు అడిగి, ‘వద్దులే’ అని వచ్చేయడం అక్కడ మర్యాద కాదు. నిజంగా కొనేవాళ్లకు మాత్రం అదే మంచి వేళ. బోణీ చేజారిపోతుందని ధర దిగుతారు. ఉత్తినే చూసి రావాలనుకుంటే ఎండెక్కాక వెళ్లండి.

మెకాంగ్ డెల్టాలో పళ్లను ‘చుక్’ లెక్కన అమ్మే అలవాటుంది. చుక్ అంటే పది. కానీ చేతికి పది రావు! ఊరిని బట్టి, పండును బట్టి 12, 14, కొన్నిచోట్ల 16 కూడా ఇస్తారు. కొసరు అడిగే పని లేకుండా లెక్కలోనే కలిపేశారన్నమాట. ‘మీ పదికి ఎన్ని?’ అని ముందే అడగడం అక్కడ వెటకారం కాదు, మామూలు బేరం మాట.

ఆ డెల్టాలోనే, కాన్ థో నగరం దగ్గర, నది మీద కాయ్ రాంగ్ సంత జరుగుతుంది. ఇంజన్ల మోతలో అరిచి అమ్మితే ఎవరికీ వినబడదు. అందుకే ప్రతి పడవ మీదా ఒక పొడవాటి వెదురు గెడ నిలబెట్టి, అమ్మే సరుకును దాని చివర వేలాడదీస్తారు. గుమ్మడికాయ వేలాడితే గుమ్మడికాయలు, అనాసపండు వేలాడితే అనాసపళ్లు. దూరం నుంచే చూసి కొనేవాళ్లు తమ పడవను అటు తిప్పుకుంటారు. ఇక్కడిదాకా తేలికే. వేలాడుతున్నా అమ్మనిది ఒకటుంది: బట్టలు. అక్కడి కుటుంబాలు కాపురం ఉండేది ఆ పడవల్లోనే, ఆ బట్టలు ఉతికి ఆరేసుకున్నవి. వేలాడదీయకుండా అమ్మేది ఇంకొకటి: వేడివేడి నూడుల్స్, కాఫీ. వాటిని చిన్న పడవల మీద తెచ్చి మీ పక్కనే ఆపుతారు. ఇక గెడకు కొబ్బరాకు కట్టి ఉందంటే కొబ్బరికాయలు ఉన్నాయని కాదు, పడవే అమ్మకానికి ఉందని! ఈ సంతను 2016లో వియత్నాం జాతీయ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించారు. రోడ్లు బాగుపడ్డ కొద్దీ పడవలు తగ్గిపోతున్నాయి. చూడాలనుకుంటే ఎక్కువ వాయిదా వేయకండి, తెల్లవారుజామునే వెళ్లండి.

హోచిమిన్ సిటీ పేరు చెప్పగానే అందరూ చూపించే గడియారపు గోపురం బెన్ థాన్ మార్కెట్‌ది. ఫ్రెంచివాళ్ల హయాంలో కట్టిన ఆ భవనం 1914లో తెరుచుకుంది. విదేశీయులు ఎక్కువ కాబట్టి ధరలూ ఎక్కువే. నా మాట వింటే అక్కడ తినండి, కొనడం మరోచోట పెట్టుకోండి. అక్కణ్నుంచి కాలినడకన కొద్ది నిమిషాల్లో తమిళులు కట్టిన మారియమ్మన్ గుడి వస్తుంది. దండం పెట్టుకునేవాళ్లలో వియత్నాం వాళ్లే ఎక్కువ.

అదే ఊళ్లో చైనా వాళ్ల పేట చోలాన్. అక్కడి బిన్ తాయ్ మార్కెట్ హోల్‌సేల్ బేరాలకు పెట్టింది పేరు. దాన్ని 1928 ప్రాంతంలో కట్టించినవాడు క్వాచ్ దామ్. చైనా నుంచి వట్టి చేతులతో వచ్చి, పాత సామాను ఏరి అమ్ముకుంటూ ఎదిగిన వర్తకుడు. మార్కెట్ నడిమి ముంగిట్లో ఆయనకు ఇప్పటికీ అగరొత్తులు వెలుగుతుంటాయి.

కూరగాయల వరసలో మనవాళ్లకు చుట్టాలు కనిపిస్తారు. మన చెరువుల్లో పెరిగే తూటికూర అక్కడ రోజువారీ కూర. దాని బోలు కాడలను చీల్చడానికి ఒక బుల్లి పరికరం ఉంది: సన్నటి ఊచ, దాని చివర చక్రం ఆకుల్లా అమర్చిన బ్లేడ్లు. కాడను ఊచకు గుచ్చి తోస్తే దారాల్లా చీలి అవతల పడుతుంది. నీళ్లలో వేయగానే ఉంగరాలు చుట్టుకుంటుంది. అవిసె పూలు, అరటిపువ్వు కూడా కుప్పలు పోసి ఉంటాయి. డెల్టాలో చేపల పులుసు చింతపండుతోనే పెడతారు, అందులో బెండకాయ, అనాసపండు ముక్కలు వేస్తారు. అనాసపండు దగ్గర మాత్రం మన నాలుక కాసేపు తటపటాయిస్తుంది.

రొయ్యలు తూకం వేసేటప్పుడు ‘లాంగ్’ అంటే 100 గ్రాములు.

ఎండిన అప్పడాల్లా కట్టలు కట్టి పెట్టేవి బాన్ చాంగ్, బియ్యప్పిండి రేకులు. మరుగుతున్న కుండ మీద బిగించిన గుడ్డపై పిండి పలచగా పూసి, ఆవిరి మీద ఉడికించి, వెదురు తడికల మీద ఎండబెడతారు. ఒక రేకును వెలుతురుకు పట్టి చూడండి, తడిక అల్లిక గళ్లు అందులో అచ్చుపడి ఉంటాయి. ఆత్రేయపురం పూతరేకుదీ బియ్యప్పిండి పూతే, కాకపోతే అది పొడి వేడి మీద పుట్టేది.

చేపల సాస్‌లో ఫూ క్వాక్ దీవిది గొప్ప పేరు. మూడు పాళ్లు నెత్తళ్లు, ఒక పాలు ఉప్పు, పెద్ద చెక్క పీపాల్లో ఏడాది ఊరాలి. సీసా మీద 30, 40 అంటూ ఒక అంకె ఉంటుంది. అది లీటరులో ఎన్ని గ్రాముల నత్రజని ఉందో చెప్పే లెక్క. అంకె పెరిగితే చిక్కదనమూ ధరా పెరుగుతాయి. శాకాహారులకు చిక్కు ఇక్కడే. తూటికూర వేపుడు అడిగినా ఈ సాస్ ఒక చెంచా పడే వీలు ఎక్కువ. ‘చై’ అని బోర్డున్న దుకాణం వెతుక్కోండి, అది బౌద్ధుల శాకాహారం. చాంద్రమాసంలో మొదటి రోజున, పున్నమినాడు చాలామంది మాంసం ముట్టరు, ఆ రోజుల్లో చై వంటకాలు సంతలో విరివిగా దొరుకుతాయి.

మసాలా కొట్లో అనాసపువ్వు చూసి ఆశ్చర్యపోకండి. అది పండేదే అటువైపు, ఉత్తర వియత్నాంలోని లాంగ్ సన్ కొండల్లో. వాళ్ల ఫో పులుసులోనూ మన బిర్యానీలోనూ వాసన దానిదే. ఆంధ్రా చెరువుల్లో పెంచుతున్న పంగాసియస్ చేపదీ మెకాంగ్ పుట్టిల్లే.

అమ్మేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. మనకంటే పెద్దావిడైతే ‘చీ ఓయ్’ అనాలి, అంటే ‘అక్కా’ అన్నమాట. వరస కలిపితే ధర తగ్గుతుందని హామీ లేదు గానీ, మొహం మాత్రం విప్పారుతుంది.

చివరిగా డబ్బు సంగతి. మన రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వస్తాయి కాబట్టి సంతలో వేలను మింగేసి మాట్లాడతారు. ‘50’ అంటే 50,000. 20,000 నోటూ నీలమే, 500,000 నోటూ నీలమే, రెండింటి మీదా హోచిమిన్ బొమ్మే. మసక వెలుతురులో ఒకటి ఇవ్వబోయి ఇంకొకటి ఇస్తే పాతిక రెట్లు చెల్లించినట్టే. ఆ రెండు నోట్లనూ పర్సులో వేర్వేరు అరల్లో పెట్టుకోండి.