కట్టకముందే కనిపించే ఇల్లు.. బొమ్మను నమ్మేదెట్లా?

పాన్‌గల్: ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇప్పుడు కట్టకముందే ఇల్లు చూసుకునే రోజులు వచ్చాయి. పునాది తీయకముందే ఇంటి ముందు భాగాన్ని కంప్యూటరులో రంగుల బొమ్మగా చేయించుకోవడం పల్లెలకూ పాకింది. అయితే బొమ్మలో తళతళలాడిన గోడ, కట్టాక వెలవెలబోతే దిగులు యజమానికే. లోపం మేస్త్రీ పనిలోనే ఉండనక్కర లేదు; బొమ్మకు పెట్టిన వెలుగులోనూ ఉండవచ్చు.

వెలుతురు ఎటు నుంచి వచ్చి, దేనిపై పడి, ఎటు మళ్ళుతుందో కంప్యూటరు లెక్కకట్టి చిత్రం చేయడాన్నే రెండరింగ్ అంటారు. 2002 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా ఉన్న బ్లెండర్‌తో ఈ పని ఉచితంగానే చేసుకోవచ్చు.

మొదట సరిచూడవలసింది సూర్యుణ్ణి. పాన్‌గల్ దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. డిసెంబరు చివర దక్షిణాన 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఆ రోజుల్లో పగలు పన్నెండుంబావుకు రెండడుగుల సజ్జ నీడ దక్షిణపు గోడపై సుమారు రెండడుగుల అయిదంగుళాలు దిగాలి. బొమ్మలో అలా లేకుంటే అందులోని సూర్యుడు మన ఊరివాడు కాదన్నమాట. ఊరు, తేదీ, వేళ సరిచేయించాలి.

రెండవది ఎక్స్‌పోజరు. ఇది ఎక్కువైతే గోడ పాలిపోతుంది, తక్కువైతే నీడలు మసిబారుతాయి. మూడవది రంగు. కొత్త సున్నం గోడ కూడా పడిన వెలుగునంతా తిప్పి పంపదు. కనుక అచ్చ తెలుపు పెట్టరాదు. నాలుగవది చూసే చోటు. కెమెరాను అయిదున్నర అడుగుల ఎత్తున, మనిషి నిలబడినట్లు ఉంచాలి. మరీ వెడల్పు లెన్సు పెడితే చిన్న ఇల్లూ మేడలా కనిపిస్తుంది.

ఊరి కొండపై కోట గోడలే ఇందుకు పాఠం. అవే రాళ్ళు పొద్దున ఒక తీరు, మధ్యాహ్నం మరో తీరు కనిపిస్తాయి. అందుకే ఒక్క బొమ్మతో సరిపెట్టుకోరాదు. డిసెంబరు మధ్యాహ్నం ఒకటి, మే నెల సాయంత్రం నాలుగింటికి ఒకటి అడిగి తీసుకోవాలి. పడమటి గోడకు ఎండ ఎంత తగులుతుందో రెండవ బొమ్మ చెబుతుంది. సజ్జ పెంచాలన్నా, కిటికీ జరపాలన్నా అప్పుడే సులువు. కాగితంపై గీత చెరపవచ్చు గాని, స్లాబు పడ్డాక చెరపలేము గదా!