వార్తల్లో పదం: శాటిలైట్ రేడియో
ఉపగ్రహం నుంచి నేరుగా రిసీవర్‌కు చేరే డిజిటల్ ప్రసారమిది. మొబైల్ సిగ్నల్ లేని రహదారిలోనూ వినిపిస్తుంది. సొరంగంలో మాత్రం తెగిపోవచ్చు. అమెరికాలో సిరియస్, ఎక్స్ఎం సంస్థలు 2008లో ఒక్కటై, చందా మీద కార్లకు ఈ సేవ అందిస్తున్నాయి. స్పాటిఫై వంటి స్ట్రీమింగ్ యాప్‌లో కోరిన పాట కోరినప్పుడే వస్తుంది. చందాదారులు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ కూడా అక్కర్లేదు. కాబట్టి పాటలకే అయితే యాప్ చాలు. దూర ప్రయాణాల్లో ఆటల ప్రత్యక్ష వ్యాఖ్యానం, ముచ్చట్లు వినాలనుకునే అక్కడివారికి శాటిలైట్ రేడియోనే మేలు.

మనకు ఇప్పుడు ఆ ఎంపిక లేదు. వరల్డ్‌స్పేస్ అనే శాటిలైట్ రేడియో సేవ ఇక్కడ ఉన్నన్నాళ్లూ తెలుగుకు ‘స్పందన’ అనే ప్రత్యేక చానల్ ఉండేది. ప్రకటనల గోల లేకుండా పాత పాటలు వినిపించిన అలాంటి సేవ పోవడం నిజంగా లోటే. మాతృసంస్థ దివాలాతో 2009 చివర్లో ఇక్కడి ప్రసారాలు ఆగిపోయాయి.