ఆ సాయంత్రం మా టెలిస్కోపులో చీకటే కనిపించింది

2020 డిసెంబరు 21న గురుడూ శనీ ఆకాశంలో దాదాపు ఒకదాన్నొకటి అంటుకున్నట్టు కనిపించాయి. రెండింటి మధ్య ఎడం డిగ్రీలో పదో వంతు, అంటే నిండు చందమామ వెడల్పులో ఐదో వంతు. పన్నెండేళ్ల మా అమ్మాయికి అది చూపించాలనే వారం ముందు టెలిస్కోపు తెప్పించాను. రాజమండ్రిలో మా మేడ మీద పొద్దు కుంకకముందే అన్నీ సర్దుకుని నిలబడ్డాం. చీకటి పడేసరికి నైరుతిలో రెండు చుక్కలూ మామూలు కంటికే చక్కగా తెలుస్తున్నాయి. టెలిస్కోపులో మాత్రం ఏమీ లేదు. ఎటు తిప్పినా నలుపే. ఏడు దాటాక అవి ఎదుటి అపార్ట్‌మెంటు వెనక్కి దిగిపోయాయి. "ఇంక రావా అమ్మా?" అంది పిల్ల. అంత దగ్గరగా మళ్లీ వచ్చేది 2080లో అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

టెలిస్కోపులో లోపమేమీ లేదు. తప్పులన్నీ నావి. కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది చేసే తప్పులే అవి. చాలా ఇళ్లలో టెలిస్కోపు రెండో నెలకల్లా అటక ఎక్కేది కూడా వాటివల్లే. అందుకే చెబుతున్నాను.

అన్నిటికన్నా పెద్ద తప్పు అట్టపెట్టె మీది అంకెను నమ్మడం. 525 రెట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. నా టెలిస్కోపు ముందు కటకం వెడల్పు 70 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 700. కన్ను పెట్టి చూసే చిన్న గొట్టాన్ని ఐపీస్ అంటారు. 700ని ఐపీస్ మీద ఉన్న అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 20 ఎం.ఎం.ది పెడితే 35 రెట్లు, 4 ఎం.ఎం.ది పెడితే 175. దానికి మూడు రెట్లు చేసే బార్లో లెన్స్ తగిలిస్తే 525. లెక్క నిజమే. కానీ కటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు దాటితే బొమ్మ పెరుగుతుందే తప్ప వివరం పెరగదు. 70కి హద్దు 140. ఆపైన కనిపించేది మసకే.

మసక సంగతి అలా ఉంచండి, రెట్లు పెరిగేకొద్దీ కనిపించే ఆకాశం ముక్క చిన్నదవుతుంది. 35 రెట్ల దగ్గర రెండు చందమామలు పక్కపక్కనే పడతాయి. 525 దగ్గర డిగ్రీలో పదో వంతు కూడా పట్టదు. ఆ రోజు దొరికినా గురుడూ శనీ ఒకేసారి అందులో ఇమిడేవి కావు. పైగా భూమి తిరుగుతూనే ఉంటుంది కదా, ఏ చుక్కయినా అంత ఇరుకు సందులోంచి ఇరవై సెకన్లలో దాటిపోతుంది. 35 రెట్లయితే ఐదు నిమిషాలు నిలుస్తుంది. 1610 జనవరి 7న గెలీలియో గురుడి పక్కన చంద్రుల్ని మొదటిసారి చూసిన గొట్టం సుమారు ఇరవై రెట్లది. మా 20 ఎం.ఎం. ఐపీస్ దానికన్నా మెరుగు. ఆ సాయంత్రమంతా అది పెట్టెలో, ప్లాస్టిక్ సంచీ కూడా విప్పకుండా ఉంది.

ఇక గొట్టం మీద ఉండే బుల్లి దుర్బిణి, ఫైండర్. అదీ పెద్ద గొట్టమూ ఒకే చోటికి చూడాలి. చూడకపోతే ఫైండర్ మధ్యలో గురుడున్నా ఐపీస్‌లో నలుపే ఉంటుంది. మాకు జరిగింది అదే. దీన్ని పగలే సరిచేసుకోవాలి. నేను మర్నాడు సూర్యుడికి ఎదురు దిక్కున, కిలోమీటరు అవతల ఉన్న సెల్ టవర్ కొస మీద పెట్టాను. కొసను ముందు పెద్ద గొట్టంలో మధ్యకు తెచ్చి, తర్వాత ఫైండర్ మరలు తిప్పుతూ అందులోనూ మధ్యకు తేవాలి. పది నిమిషాల పని. ఫైండర్‌లో బొమ్మ తలకిందులుగానూ, పెద్ద గొట్టంలో కుడి ఎడమలు తారుమారుగానూ ఉంటాయి. పగలు కాసేపు తిప్పితే చేతికి ఆ అలవాటూ పడుతుంది.

పగటి పనిలో ఒక్క విషయం మరవకండి. సూర్యుడి వైపు గొట్టం తిప్పకూడదు, పిల్లల్ని దాని దగ్గర ఒంటరిగా వదలకూడదు. కొన్ని పెట్టెల్లో ఐపీస్‌కి బిగించే నల్లటి సోలార్ ఫిల్టర్ వస్తుంది. ఎండంతా అక్కడ పోగై వేడికి అది పగిలితే కన్ను పోతుంది. నేను దాన్ని పగలగొట్టి చెత్తలో పారేశాను. మీరూ అలాగే చేయండి.

మన ప్రాంతానికే ఉన్న ఇబ్బంది ఒకటుంది. చుక్కల కదలికను వెంబడించేలా వంకరగా చేసిన స్టాండు, ఈక్విటోరియల్ మౌంట్, నాకు అంటగట్టారు. దాన్ని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. ధ్రువుడి ఎత్తు ఆ ఊరి అక్షాంశమెంతో అంతే. రాజమండ్రిలో 17 డిగ్రీలు, తిరుపతిలో పద్నాలుగు కూడా లేదు. అంత కిందున్నవాడు ఇళ్ల మధ్య ఎక్కడ కనిపిస్తాడు? స్టాండును అంత కిందికి వంచితే సమతూకానికి పెట్టిన బరువు వెళ్లి ట్రైపాడ్ కాలికి తగులుతుంది. పైకీ కిందికీ, పక్కలకీ తిరిగే మామూలు స్టాండే మొదటిసారికి మేలు. దాన్నయినా కాళ్లు పూర్తిగా లాగకుండా, కుర్చీలో కూర్చుని చూసే ఎత్తులో పెట్టుకుంటే వణుకు తగ్గుతుంది.

ఆ రాత్రి నాకు తట్టనిది మరొకటుంది. నడినెత్తికి దగ్గర్లో సగం చందమామ వెలుగుతోంది. ఫైండర్‌ని సరిచేసుకోవడానికి అంతకన్నా మంచి గురి లేదు. మొదటిసారి చూడటానికి అంతకన్నా మంచి దృశ్యమూ లేదు. పౌర్ణమినాడు ఎండ మనవైపు నుంచే సూటిగా పడి నీడలు కనిపించవు, అంతా చదునుగా కనిపిస్తుంది. సప్తమి, అష్టమి రోజుల్లో వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి ప్రతి గుంట అంచూ చెక్కినట్టు తేలుతుంది. ఆ తర్వాత మా అత్తయ్య తొలిసారి చూసి, "ఇన్ని గుంటలేంటే!" అని కన్ను తీయలేదు.

జనవరిలో గొల్లకావడి చుక్కల కింద ఉన్న నీహారిక వైపు తిప్పాం. పుస్తకాల్లో గులాబీ రంగులో ఉంటుందది. మాకు బూడిద రంగు పొగలా కనిపించింది. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. మసక వెలుతురులో మన కన్ను రంగు పట్టలేదు, కెమెరా నిమిషాల తరబడి పోగుచేసి పడుతుంది. కంటికి చీకటి అలవాటు కావడానికి అరగంట కావాలి, మధ్యలో ఒక్కసారి ఫోను చూస్తే అంతా మొదటికి వస్తుంది. ఆ మసకను సూటిగా కాకుండా ఓరకంట చూడాలి, ఎందుకంటే కంటిలో మసక వెలుగును పట్టే కణాలు చూపు నడిమధ్యలో ఉండవు. ఓరచూపుతో ఆ పొగకు రెక్కలు మొలిచాయి.

శని వలయం 2021 అక్టోబరులో గానీ దొరకలేదు. విడిగా కొన్న 10 ఎం.ఎం. ఐపీస్‌తో, 70 రెట్ల దగ్గర, నువ్వుగింజంత గ్రహం, చుట్టూ వలయం. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కిందికి వెళ్లి టెలిస్కోపు పెట్టె మూత లోపల స్కెచ్ పెన్నుతో ఏదో రాసి వచ్చింది. మర్నాడు చూశాను: "2080 మార్చి 15, తెల్లవారుజాము. 20 ఎం.ఎం. పెట్టాలి."